మార్కుల మెమోలోని సగటు లెక్క
(ప్రసంగ పాఠము)

విశ్వవిద్యాలయ పరీక్షల ఫలితములు వెలువడిన దినమున తెలుగునాట పెక్కు గృహములలో ఒకే తీరు సంభాషణ జరుగుచుండును. “ఎంత వచ్చిందమ్మా?” అని తండ్రి అడుగును. “ఏడు పాయింటు తొమ్మిది అయిదు” అని కుమార్తె చెప్పును. “ఎంతకి? నూటికా, పదికా?” అని నాయనమ్మ ప్రశ్నించును. పదికే యని తెలిసిన పిమ్మట, “అయితే డెబ్బై తొమ్మిదిన్నర శాతం అన్నమాట” అని తండ్రి సంతసించును. ఈ ముగ్గురి మాటలలో నాయనమ్మ వేసిన ప్రశ్న సరియైనది. తండ్రి కట్టిన లెక్క సరియైనది కాదు. అది ఎందుకు కాదో, సరియైన లెక్క ఏదో, దానివలన ఇంటికి కలుగు లాభనష్టములేవో నేడు మనవి చేయదలచినాను.

ఈ సంఖ్య మెమోపై అచ్చయి బీరువాలో పడియుండునది కాదు. ఉద్యోగ ప్రకటనలలో “డిగ్రీలో 60 శాతము తగ్గకూడదు” అను నిబంధన తరచుగా కనబడును. ఉన్నత విద్యా ప్రవేశములకును ఇట్టి గీతలే కలవు. గీతకు ఈవల నున్నవాని దరఖాస్తు చదువబడును; ఆవల నున్నవానిది చదువకయే పక్కకు పోవును. కావున తన సగటు తాను కట్టుకొనజాలని విద్యార్థి, తన అర్హత యేదో తానెరుగని వాడే యగుచున్నాడు.

మార్కులుండగా ఈ గ్రేడులేల యని పెద్దలు కొందరు అడుగుచుందురు. విద్యార్థులను తరగతులుగా విభజించు పద్ధతి క్రొత్తది కాదు. అమెరికాలోని యేల్ కళాశాల అధ్యక్షుడు ఎజ్రా స్టైల్స్ 1785లోనే తాను పరీక్షించిన 58 మంది విద్యార్థులను ఉత్తములు మొదలుగా నాలుగు శ్రేణులుగా విభజించి తన దినచర్యలో వ్రాసికొనెను. 1897లో మౌంట్ హోల్యోక్ కళాశాల మార్కుల శ్రేణులకు అక్షరములను జోడించి గ్రేడుల నిచ్చినది. నూటికి వేయు మార్కులపై అనుమానము కలుగుటకు బలమైన కారణము 1912లో దొరకినది. స్టార్చ్, ఎలియట్ అను ఇరువురు అమెరికా పరిశోధకులు ఒకే ఆంగ్ల జవాబు పత్రమును అనేక ఉన్నత పాఠశాలలకు పంపి దిద్దించిరి. దానిని దిద్దిన 142 మంది ఉపాధ్యాయులు వేసిన మార్కులు 64 మొదలు 98 వరకు వ్యాపించినవి. పత్రము ఒక్కటే, చేతివ్రాత ఒక్కటే, మారినది దిద్దినవారు మాత్రమే. అట్టి స్థితిలో 71కిని 72కిని నడుమ నున్న ఒక్క మార్కు విద్యార్థి ప్రజ్ఞలోని భేదమేయని నమ్ముట యెట్లు?

మన దేశమునను ఈ చింత ఉన్నది. ఒకప్పుడు ఆంధ్ర విశ్వవిద్యాలయమునకు ఉపాధ్యక్షులుగా నుండిన సర్వేపల్లి రాధాకృష్ణ పండితుల అధ్యక్షతన 1948-49లో పనిచేసిన విశ్వవిద్యాలయ విద్యాసంఘము, విశ్వవిద్యాలయములలో ఒకే యొక్క సంస్కరణ చేయవలసి వచ్చినచో అది పరీక్షల సంస్కరణయే కావలెనని స్పష్టముగా తెలిపినది. ఆ పిమ్మట ఎన్నియో ప్రయత్నములు జరిగినవి. విశ్వవిద్యాలయ నిధుల సంఘము, అనగా యు.జి.సి., దేశమంతటికిని పనికివచ్చునట్లు పదిపాయింట్ల గ్రేడు పద్ధతిని సూచింపగా, 2015-16 విద్యాసంవత్సరము మొదలుకొని పెక్కు విశ్వవిద్యాలయములు దాని ననుసరించినవి. ఒక్కొక్క చోట చిన్న మార్పులున్నను మూలసూత్ర మొక్కటియే.

ఈ పద్ధతిలో రెండు మాటలు ముఖ్యములు: గ్రేడు పాయింటు, క్రెడిటు. మొదటిది విద్యార్థి ఎంత బాగుగా చదివెనో చెప్పును. రెండవది ఆ విషయము ఎంత బరువైనదో చెప్పును. వారమున కొక గంట పాఠము చొప్పున ఒక సెమిస్టరు కాలము నడచిన బోధనకు ఒక క్రెడిటు. ప్రయోగశాలలోనైనచో వారమునకు రెండు గంటల పనికి ఒక క్రెడిటు. కావున వారమునకు నాలుగు గంటలు బోధింపబడు గణితమునకు నాలుగు క్రెడిట్లును, రెండు గంటల ప్రయోగమునకు ఒక క్రెడిటును ఉండును.

ఇక గ్రేడుల సంగతి. హైదరాబాదులోని జవహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయపు 2018 నిబంధనలను ఉదాహరణముగా గైకొందము. 90 మార్కులు మొదలుకొని పైన వచ్చినచో ‘ఓ’ గ్రేడు, 10 పాయింట్లు. 80 మొదలు 89 వరకు ‘ఎ ప్లస్’, 9 పాయింట్లు. 70 మొదలు 79 వరకు ‘ఎ’, 8 పాయింట్లు. అరువదులలో ‘బి ప్లస్’, 7. ఏబదులలో ‘బి’, 6. నలువదులలో ‘సి’, 5. నలువదికి తగ్గినచో ‘ఎఫ్’, పాయింట్లు సున్న.

శ్రోతలు కాగితమును పెన్సిలును దగ్గర నుంచుకొన్నచో ఇప్పుడొక లెక్క కట్టుదము. ఒక విద్యార్థిని మొదటి సెమిస్టరులో ఏడు విషయములు చదివినదనుకొందము. గణితము నాలుగు క్రెడిట్లు, మార్కులు 72, కావున పాయింట్లు 8, నాలుగెనిమిదులు 32. భౌతికశాస్త్రము నాలుగు క్రెడిట్లు, మార్కులు 65, పాయింట్లు 7, హెచ్చింపగా 28. ప్రోగ్రామింగు నాలుగు క్రెడిట్లు, మార్కులు 58, పాయింట్లు 6, హెచ్చింపగా 24. డ్రాయింగు మూడు క్రెడిట్లు, మార్కులు 81, పాయింట్లు 9, హెచ్చింపగా 27. ఇంగ్లీషు రెండు క్రెడిట్లు, మార్కులు 91, పాయింట్లు 10, హెచ్చింపగా 20. ప్రోగ్రామింగు ప్రయోగశాల రెండు క్రెడిట్లు, మార్కులు 88, పాయింట్లు 9, హెచ్చింపగా 18. భౌతికశాస్త్ర ప్రయోగశాల ఒక క్రెడిటు, మార్కులు 93, పాయింట్లు 10, హెచ్చింపగా 10.

హెచ్చవేతలన్నిటిని కూడినచో 159 వచ్చును. క్రెడిట్లన్నియు కూడినచో 20. 159ని 20చే భాగింపగా 7.95. ఇదియే ఆ సెమిస్టరు సగటు, దీనినే ఎస్.జి.పి.ఎ. అందురు.

ఇచ్చట విద్యార్థులు తరచుగా చేయు పొరపాటొకటి కలదు. క్రెడిట్లను మరచి, గ్రేడు పాయింట్లను మాత్రమే కూడి, విషయముల సంఖ్యచే భాగింతురు. మన ఉదాహరణములో పాయింట్ల మొత్తము 59. ఏడింటిచే భాగించినచో 8.43. ఎనిమిది దాటినదని ఇంటిల్లిపాదియు మురిసిపోయిన పిమ్మట మెమోలో 7.95 కనబడును. అప్పుడు విశ్వవిద్యాలయము అన్యాయము చేసినదని కోపము. విశ్వవిద్యాలయము చేసిన అన్యాయమేమియు లేదు. ఒక క్రెడిటు ప్రయోగమునకును నాలుగు క్రెడిట్ల గణితమునకును సమానమైన తూకము వేయుటవలన వచ్చిన చిక్కు అది.

ఈ సూత్రము మన గృహిణులకు చక్కగా తెలిసినదే. కిలో 50 రూపాయల చొప్పున నాలుగు కిలోల బియ్యమును, 150 రూపాయలకు ఒక కిలో కందిపప్పును కొన్నచో, సగటున కిలో నూరు రూపాయలు పడినదని ఏ ఇల్లాలును చెప్పదు. బియ్యమునకు 200, పప్పునకు 150, వెరసి 350. అయిదు కిలోలకు పంచగా కిలోకు 70 అని చెప్పును. క్రెడిటనునది కిలో వంటిది. గ్రేడు పాయింటు ధర వంటిది. అంగడిలో తప్పని ఈ లెక్క మెమో ముందు తప్పనేల?

ఇదే సూత్రము సెమిస్టరులను కలుపునప్పుడును వర్తించును. అదే విద్యార్థినికి రెండవ సెమిస్టరులో 24 క్రెడిట్లుండి, సగటు 7.00 వచ్చినదనుకొందము. 7.95ను 7.00ను కూడి సగము చేసినచో 7.48 వచ్చును. అది తప్పు. మొదటి సెమిస్టరు పాయింట్లు 159. రెండవదానివి 24ను 7చే హెచ్చింపగా 168. వెరసి 327. మొత్తము క్రెడిట్లు 44. భాగింపగా 7.43. నాటివరకు చదివిన చదువంతటి సగటు ఇది. దీని పేరు సి.జి.పి.ఎ. సెమిస్టరుల క్రెడిట్లు సమానముగా నున్నప్పుడు రెండు పద్ధతులును ఒకే ఫలమిచ్చును. క్రెడిట్లు మారినప్పుడు మాత్రము పొరపాటు బయటపడును. దశాంశము పిమ్మట రెండు అంకెలు ఉంచవలెనని యు.జి.సి. సూచన. కావున 7.43ను ఏడున్నర యని దరఖాస్తులో వ్రాయుట సవరించుట కాదు. లేనిది చెప్పుట యగును.

తప్పిన విషయము సంగతి యేమి? పైన చెప్పిన విద్యార్థిని ప్రోగ్రామింగులో నలువది మార్కులు తెచ్చుకొనలేదనుకొందము. అప్పుడు ఆమె కోల్పోవునది 24 పాయింట్లు. కాని భాగహారములో ఆ నాలుగు క్రెడిట్లు అట్లే నిలిచియుండును. 135ను 20చే భాగింపగా 6.75. ఒక్క విషయము పోయినందున సగటు ఒక పాయింటుకు మించి క్రుంగినది. నాలుగు క్రెడిట్ల విషయమును “తరువాత చూచుకొందములే” యని వదలువారు ఈ భాగహారము నొకసారి చేసి చూడవలెను. ఊరట యేమన, తిరిగి వ్రాసి ఉత్తీర్ణత పొందిన పిమ్మట ఆ సున్న తొలగి, వచ్చిన గ్రేడు పాయింటు లెక్కలోనికి వచ్చును.

ఇప్పుడు మొదట చెప్పిన తండ్రిగారి లెక్కకు వత్తము. పదిచే హెచ్చించినంత మాత్రమున సి.జి.పి.ఎ. శాతముగా మారదు. ఎనిమిది పాయింట్లనగా 80 మార్కులని అర్థము కాదు. 70 మొదలు 79 వరకు ఎన్ని వచ్చినను ఎనిమిదియే. ఆ శ్రేణికి మధ్యస్థానము సుమారు 75. అందువలన పైన చెప్పిన సాంకేతిక విశ్వవిద్యాలయపు 2018 నిబంధనలు సి.జి.పి.ఎ. నుండి అర పాయింటు తీసివేసి, మిగిలినదానిని పదిచే హెచ్చింపుమని చెప్పినవి. ఎనిమిదికి 75 శాతము. ఆరున్నరకు 60 శాతము. అఖిల భారత సాంకేతిక విద్యామండలి తన నియమావళిలో ఇచ్చిన పట్టికలో 6.25కు 55 శాతము, 6.75కు 60, 7.25కు 65 అని కలదు. అనగా ముప్పావు పాయింటు తీసివేసి పదిచే హెచ్చించుట. కేంద్ర మాధ్యమిక విద్యామండలి ఒకప్పుడు పదవ తరగతి గ్రేడులకు 9.5 అను గుణకము చెప్పియుండెను. అది పాఠశాల కొరకు ఏర్పడినది. దానిని విశ్వవిద్యాలయ మెమోకు తగిలించుట పొసగదు.

ఈ భేదము ఎంత పని చేయునో చూడుడు. ఒక యువకుని సి.జి.పి.ఎ. 6.60. పదిచే హెచ్చించినచో 66 శాతము. తొమ్మిదిన్నరచే హెచ్చించినచో 62.7. అర పాయింటు తీసిన పద్ధతిలో 61. ముప్పావు తీసిన పద్ధతిలో 58.5. ఉద్యోగ ప్రకటన 60 శాతము కోరినది. మూడు లెక్కలలో అతడు అర్హుడు, నాలుగవదానిలో అనర్హుడు. చదువు మారలేదు, జవాబులు మారలేదు, మారినది గుణకారము మాత్రమే. అందువలన విద్యార్థి తనకు అనుకూలమైన సూత్రమును ఏరుకొనుటకు వీలులేదు. తన విశ్వవిద్యాలయము తన బ్యాచికి వర్తించు నిబంధనలలో ఏ సూత్రమిచ్చినదో దానినే వాడవలెను. దానికి ధ్రువపత్రమును పొంది దగ్గర నుంచుకొనవలెను. అధిక శాతము వ్రాసి ఉద్యోగము పొందిన పిమ్మట పత్రముల పరిశీలనలో తేడా బయటపడినచో, అది అవగాహన లోపమో మోసమో తేల్చుకొను ఓపిక యజమానికి ఉండకపోవచ్చును. విదేశ విశ్వవిద్యాలయములకు దరఖాస్తు చేయువారు నాలుగు పాయింట్ల కొలతకు మార్చు తొందరలో పదిని రెండున్నరచే భాగించుచుందురు. మార్పక, మీ మెమోలో ఉన్నదున్నట్లు వ్రాయుడని అచ్చటి సంస్థలనేకము కోరుచున్నవి. దరఖాస్తులోని సూచన చదివి అట్లే చేయుట క్షేమము.

గ్రేడు పద్ధతి దోషరహితమని నేను చెప్పబోను. మూడు విద్యార్థులను ఊహింపుడు. ఒకరికి అన్ని విషయములలోను 69, రెండవవారికి అన్నింట 70, మూడవవారికి అన్నింట 79 వచ్చినవి. అర పాయింటు తీసివేయు పద్ధతిలో మొదటివారికి 65 శాతము. రెండవవారికిని మూడవవారికిని సమానముగా 75 శాతము. ఒక్క మార్కు భేదము పది శాతముగా పెరిగినది. తొమ్మిది మార్కుల భేదము మాయమైనది. దిద్దువారి చేతిలోని అనిశ్చితిని పోగొట్టుటకు పుట్టిన పద్ధతి, ఆ అనిశ్చితిని అంతటను తగ్గించి, గీతల దగ్గర మాత్రము పోగుచేసినది. జవాబు పత్రములు దిద్దు అధ్యాపకులు 69 వద్దను 59 వద్దను కలము నాపి మరియొకసారి కూడిచూచినచో అది దయ కాదు, ధర్మమే యగును.

విద్యార్థికిని ఇందులో ఒక పాఠము కలదు. మన ఉదాహరణములోని విద్యార్థినికి ఇంగ్లీషులో 91కి మారు నూరు వచ్చినను సగటు రవ్వంతయు పెరుగదు. ప్రోగ్రామింగులో 58కి మారు 60 వచ్చినచో నాలుగు పాయింట్లు కూడి సగటు 8.15 అగును. తొమ్మిది మార్కుల శ్రమకు ఫలము లేదు. రెండు మార్కుల శ్రమకు సగటున అయిదవ వంతు పాయింటు. బాగుగా వచ్చిన విషయముననే ఇంకను మెరుగులు దిద్దుచు, బరువైన విషయము నుండి తప్పించుకొనుట మనుష్య స్వభావము. ఈ లెక్క ఆ స్వభావమును మందలించును.

కడపటి మాట కాలమును గూర్చినది. తొలి సంవత్సరములలో అలసత్వముతో నున్నను చివర సరిదిద్దుకొనవచ్చునని యువకులు తలతురు. సరిదిద్దుకొనవచ్చును గాని ఎంత మేరకో లెక్కయే చెప్పును. నాలుగేండ్ల ఇంజనీరింగు చదువునకు 160 క్రెడిట్లు. ఆరు సెమిస్టరులు గడచి, 120 క్రెడిట్లు ముగిసిన వానికి సి.జి.పి.ఎ. 6.20 ఉన్నదనుకొందము. అతడు కూడబెట్టిన పాయింట్లు 744. మిగిలినవి 40 క్రెడిట్లు. చివరకు 6.50 కావలెనన్నచో మొత్తము 1040 పాయింట్లుండవలెను, లోటు 296, కావున మిగిలిన రెండు సెమిస్టరులలో సగటు 7.40 తెచ్చుకొనవలెను. ఇది కష్టమే కాని సాధ్యము. 7.00 కావలెనన్నచో 9.40 రావలెను. 8.00 కావలెనన్నచో 13.40 రావలెను, పదికి పదుమూడు ఎవరి తరము?

ఈ లెక్కను కళాశాలలో చేరిన మొదటి సెమిస్టరులోనే పిల్లలచేత కట్టింపవలసినదని తల్లిదండ్రులకు నా మనవి. అదే లెక్క నాలుగవ యేట కట్టినచో అది సంజాయిషీ యగును. మొదటి యేట కట్టినచో ఉపాయ మగును. మెమో ఇంటికి వచ్చినప్పుడు “ఎంత వచ్చినది?” అని మాత్రమే అడిగి ఊరకొనక, మరి మూడు ప్రశ్నలు అడుగుడు. ఏ విషయమునకు ఎన్ని క్రెడిట్లు? ఏ విషయమున గీతకు దగ్గరగా నిలిచినావు? మీ విశ్వవిద్యాలయము శాతమును ఎట్లు కట్టును? ఈ మూటికిని జవాబు చెప్పగల విద్యార్థి తన స్థితి యేమో తానెరుగును. రాబోవు పరీక్షలో ఏ పుస్తకము ముందు తెరువవలెనో అదియు ఎరుగును.